ఈత బరిగె, పోలీసు హాజరు: మన బిడ్డల పెంపకం చరిత్ర

రాయలసీమలో ఎదురుపడిన మనిషిని "యాడికి?" అని అడిగితే ఎక్కడికి పోతున్నావని అర్థం. మన ఊరి పేరూ అదే. సుగాలీల గోర్ బోలీలో 'యాడి' అంటే తల్లి. ఊరి పేరుకు ఇదే మూలమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ బిడ్డల పెంపకం గురించి రాయబోతే ఈ రెండు అర్థాలూ గుర్తుకు వచ్చాయి. మన ఎరుకల, సుగాలీ కుటుంబాల చరిత్రలో "బిడ్డ యాడికి?" అన్నది ఉత్త పలకరింపు కాదు. బిడ్డ తల్లి దగ్గర ఉండాలా, సర్కారు చూపిన చోట ఉండాలా అని చట్టమే తేల్చిన రోజులు ఉన్నాయి.

సంఘం సమావేశాల్లో పిల్లల మాట వస్తే ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. పిల్లల దగ్గర ఎంత కఠినంగా ఉండాలి? కొట్టకపోతే మాట వినరని కొందరు, కొడితే ఇల్లు విడిచి పోతారని కొందరు అంటారు. రెండు పక్షాలవాళ్ళూ "మన పెద్దలు ఇట్లే పెంచినారు" అంటారు. మన పెద్దలు నిజంగా ఎట్లా పెంచారో ఒకసారి చరిత్రలోకి పోయి చూద్దాం.

రైలుకు ముందు

1800లో నిజాం నుంచి కుంపిణీ చేతికి వచ్చిన దత్త మండలాల్లో మన ప్రాంతం ఒక భాగం. 1882లో బళ్ళారి జిల్లాను విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టనేల మీద ఒకేచోట కూర్చుని బతకడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. అందుకే తిరుగుడు బతుకు ఇక్కడ ఒక అవసరం. తిరిగేవాళ్ళ మీద ఊళ్ళు కూడా ఆధారపడేవి.

ఉప్పు ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రతీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చేవారు. దబ్బ ఎరుకలవాళ్ళు వెదురు చీల్చి గంపలు, చాటలు అల్లేవారు. కుంచె ఎరుకలవాళ్ళు సాలెవాళ్ళకు నూలు దువ్వే కుంచెలు కట్టేవారు. యాడికి లాంటి మగ్గాల ఊరికి ఆ కుంచె ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఆడవాళ్ళు బుట్ట చంకన పెట్టుకుని ఎరుక చెప్పేవారు. సుగాలీలు ఎద్దుల బిడారుల మీద ధాన్యం, ఉప్పు మోసేవారు. 1739 ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్ పుట్టిన స్థలంగా సుగాలీలు కొలిచే సేవాగఢ్ మనకు దగ్గర్లోనే, గుత్తి పక్కన ఉంది. ఆయన తండ్రి భీమా నాయక్ గొప్ప పశుసంపద ఉన్నవాడని, ఆ పశువుల వెంటే సేవాలాల్ పెరిగాడని సంప్రదాయం చెబుతుంది.

ఇలాంటి బతుకులో పెంపకం అంటే విడిగా ఒక పని కాదు. పెద్దల పని పక్కనే పిల్లల చదువు సాగేది. ఈత బరిగెలు నానబెట్టడం, బద్ద చీల్చడం, గాడిదను తోలడం, దారి గుర్తుపెట్టుకోవడం, ఊరివాళ్ళతో ఎట్లా మాట్లాడాలో తెలుసుకోవడం అన్నీ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవే. తప్పు చేస్తే బుట్ట వంకర పోతుంది. ఎవరూ తిట్టకముందే ఆ వంకరే తప్పు ఎక్కడో చెబుతుంది. విప్పి మళ్ళీ అల్లాలి.

సుగాలీల తీజ్ పండుగలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. ఆ తొమ్మిది రోజులూ వాళ్ళకు నియమాలు ఉంటాయి. మొలక పచ్చగా ఎదగాలంటే ఒక పూట కూడా మరవకూడదు. తండా అంతా చూస్తూ ఉంటుంది, ఆటపట్టిస్తుంది, పాడుతుంది. బాధ్యత నేర్పడానికి ఇక్కడ దెబ్బ అవసరం పడలేదు. పిల్ల చేతికి ఒక ప్రాణమున్న వస్తువు ఇచ్చి నమ్మారు, అంతే.

తండ్రి పాత్ర గురించి ఒక వింత విషయం కూడా రికార్డుల్లో ఉంది. గోదావరి తీరాన పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో ఎరుకల ఆచారం ఒకటి రాసి పెట్టాడు. భార్యకు నొప్పులు మొదలుకాగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. పుట్టిన బిడ్డను కడిగి తండ్రి పక్కన పడుకోబెడతారు. బాలింతకు చేసే మర్యాదలు, పెట్టే మందులు అతనికి జరుగుతాయి. ఇలాంటి ఆచారాలు ప్రపంచంలో ఇంకా కొన్ని జాతుల్లో ఉన్నాయి. పండితులు వీటికి రకరకాల అర్థాలు చెప్పారు. చదివిన దొరలు నవ్వుకుని ఉండవచ్చు. మనకు మాత్రం అందులో ఒక సంగతి తెలుస్తుంది. బిడ్డ పుట్టిన మొదటి గంట నుంచే తండ్రిని ఆ బిడ్డకు కట్టివేసిన సమాజం అది. పిల్లల సంగతి పట్టని తండ్రులన్న నింద అలాంటి సమాజానికి అతకదు.

పాతకాలమంతా బంగారమని కూడా అనుకోనక్కరలేదు. చిన్నవయసు పెళ్ళిళ్ళు ఉండేవి. ఆడబిడ్డ పెళ్ళి మాట ఆమె మాటకంటే ముందు మేనమామ హక్కుగా తేలేది. కులపంచాయితీ తప్పు పట్టి వేసే శిక్షలు కఠినంగానే ఉండేవి. కానీ ఆ కఠినత్వం మనుషుల మధ్య, అందరూ చూస్తుండగా, తప్పు తీరేదాకా ఉండేది. తప్పు తీరాక మనిషి మళ్ళీ తన పంక్తిలో కూర్చునేవాడు.

1871: ఒకే ఏడు, రెండు దెబ్బలు

1871లో మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలుదారి పూర్తయింది. మన రాయలచెరువు మీదుగా పోయే దారి అదే. రైలు ఉప్పును తక్కువ ఖర్చుతో మోసేసరికి గాడిదల మీద మోసేవాళ్ళ అవసరం తీరిపోయింది. తర్వాత 1876–78 కరువు మన ప్రాంతాన్ని ఊపేసింది. పశువులు పోయాయి. ధాన్యానికి ఉప్పు మార్చుకునే రైతు దగ్గర ధాన్యమే లేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకు, ఆకులకు, మేతకు అడవిలోకి పోవడం నేరమైంది. ఎరుకల చరిత్ర మీద 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం రాసిన మీనా రాధాకృష్ణ ఈ వరుసను వివరంగా చూపించారు. బతుకుతెరువు ముందు పోయింది, నేరస్థులన్న ముద్ర ఆ తర్వాత పడింది.

ఆ ముద్ర వేసిన చట్టం కూడా 1871లోనే వచ్చింది. అదే నేరస్థ జాతుల చట్టం. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఒక జాతిని 'నేరస్థ జాతి' అని ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీలు లేదు. పేర్లు నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, చెప్పిన వేళకు హాజరు వేయించుకునేవారు. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. కొత్తవాళ్ళు వస్తే చెప్పాల్సిన బాధ్యత ఊరి పెద్దల మీద పెట్టారు. ఎరుకలవాళ్ళు, కన్నడ సరిహద్దున కొరచలుగా పిలిచే అదే జనం, ఈ చట్టం కింద నలిగిపోయారు.

తల్లిదండ్రుల మీద వేసిన నింద

ఈ చట్టాన్ని సాధారణంగా పోలీసు చట్టంగానే చెప్పుకుంటాం. నిజానికి అది పెంపకం మీద చట్టం కూడా. నేరం తల్లిపాలతో వస్తుందని నమ్మితే, దాని మందు తల్లి నుంచి బిడ్డను వేరుచేయడమే అవుతుంది. 1897 సవరణ నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి తీసి సంస్కరణ కేంద్రాల్లో పెట్టడానికి వీలు ఇచ్చింది. 1924లో ఒకచోట చేర్చిన చట్టం ప్రకారం ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి, సంరక్షకుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం సర్కారుకు ఉంది. బిడ్డ ఏదైనా తప్పు చేసి ఉండాలన్న షరతు లేదు. ఆ జాతిలో పుట్టి ఉంటే చాలు.

తెలుగునాట సెటిల్‌మెంట్లు లేచాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని 1913–14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపించింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. సీతానగరంలోనూ సాల్వేషన్ ఆర్మీయే. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మనకు పొరుగున కర్నూలు జిల్లాలో సిద్ధాపురం సెటిల్‌మెంటు ఉండేది. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ ఈ పనికి 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక పేరు కూడా కనిపెట్టాడు. నేరాన్ని నయం చేసే వైద్యం అని దాని అర్థం. రోగి మన పెద్దవాళ్ళు. రోగం అంటకుండా కాపాడవలసినది మన పిల్లలను.

అక్కడ చదువు దొరకలేదని అనలేం. గిరిజనుల్లో అక్షరం ముక్క తెలియని కాలంలో సెటిల్‌మెంటు బడుల నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చారు. కొందరు ఉద్యోగాల్లోకి పోయారు. కానీ ఆ చదువుకు కట్టిన ధర చూడాలి. గంట కొడితే లేవడం, గంట కొడితే పడుకోవడం, తల్లి భాష మాట్లాడితే చిన్నచూపు, తండ్రి వృత్తి అంటే సిగ్గు. బిడ్డ బాగుపడాలంటే ముందు తల్లిదండ్రులను తక్కువగా చూడాలన్నది ఆ బడి చెప్పకుండా చెప్పిన పాఠం.

ఇది ఒక్క మన కథ కాదు

అదే కాలంలో అమెరికాలో 1879లో కార్లైల్ అనే చోట ఆదివాసీ పిల్లల కోసం హాస్టలు బడి పెట్టారు. జుట్టు కత్తిరించి, పేరు మార్చి, ఇంటి భాషను మానిపించి 'మనుషులను' చేస్తామన్నారు. కెనడాలో చర్చిలు, ప్రభుత్వం కలిసి అలాంటి బడులు నడిపాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసీ తల్లుల ఒళ్ళోంచి పిల్లలను తీసుకుపోయారు. అలా పోయినవాళ్ళను అక్కడ 'దొంగిలించిన తరాలు' అంటారు. దీని మీద 1997లో అక్కడ పెద్ద విచారణ నివేదిక వచ్చింది. 2008 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రధాని, అదే ఏడు జూన్‌లో కెనడా ప్రధాని తమ పార్లమెంటుల్లో క్షమాపణ చెప్పారు.

ఆ దేశాల్లో బాధితులు చెప్పిన సాక్ష్యాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. తల్లిదండ్రుల దగ్గర పెరగనివాళ్ళకు తాము తల్లిదండ్రులయ్యాక బిడ్డను ఎట్లా ఎత్తుకోవాలో తెలియలేదు. వాళ్ళు చూసిన పెద్దరికం వార్డెనుది. ఇంట్లో కూడా ఆ వార్డెను పద్ధతే నడిచింది.

హాజరు ఇంట్లోకి వచ్చింది

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని 1947లో రద్దు చేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజునే విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. ఈ రద్దు కోసం పోరాడినవారిలో యానాదులు, ఎరుకలవాళ్ళ కోసం జీవితమంతా పనిచేసిన నెల్లూరు జిల్లా నాయకుడు వెన్నెలకంటి రాఘవయ్యను మనం మరవకూడదు.

చట్టం పోయింది, అనుమానం పోలేదు. ఊళ్ళో కోడి పోయినా, సైకిలు పోయినా ముందు మన గుడిసెల వైపే చూపు. ఆ చూపు కింద బిడ్డను పెంచే తల్లికి, తండ్రికి ఒక భయం ఉంటుంది. వేరే ఇంటి పిల్లవాడు మామిడికాయ కోస్తే అల్లరి, మన పిల్లవాడు కోస్తే దొంగతనం. అందుకే ఊరివాళ్ళు కొట్టకముందే మనమే కొట్టాలి, పోలీసు అడగకముందే మనమే అడగాలి అన్న తొందర పుడుతుంది. బయటికి పోతే ఎక్కడికి, వస్తే ఎక్కడి నుంచి, చేతిలో ఏముంది, ఎవరు ఇచ్చారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు. అది ప్రేమ లేక కాదు, భయం ఎక్కువై. కానీ బిడ్డ చెవికి మాత్రం అది హాజరే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ఇళ్ళలో 'పెద్దల నాటి కట్టుబాటు' అని చెప్పుకునే కఠినత్వంలో కొంత పెద్దలది కాదు. అది పోలీసు పుస్తకం నుంచి, సెటిల్‌మెంటు గంట నుంచి వచ్చింది. ఈత బరిగె మన చేతిలో మొదట బుట్ట అల్లే పుల్ల. దాన్ని వీపు మీదికి ఎత్తడం అన్ని ఇళ్ళలో, అన్ని బడుల్లో ఉన్న అలవాటే. మన ఇళ్ళలో మాత్రం దాని వెనక ఈ అదనపు భయం ఉంది. ఏది మనది, ఏది మన మీద రుద్దినది అని వేరుచేసి చూసుకోవాలి.

హాస్టలు, వలస, ఫోను

మన కాలపు చిక్కు వేరు. వాన లేని ఏడు వేరుశనగ ఎండితే తల్లిదండ్రులు బెంగళూరు దారి పడతారు. పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉంటారు. ఇవాళ గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు, ప్రభుత్వ హాస్టళ్ళు మన బిడ్డలకు ఇస్తున్న అవకాశాన్ని సెటిల్‌మెంటుతో పోల్చడం తప్పు. అప్పుడు పిల్లలను లాక్కున్నారు, ఇప్పుడు సీటు కోసం మనమే పరీక్ష రాయిస్తున్నాం. ఎందరో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు ఆ హాస్టళ్ళ నుంచే వచ్చారు.

కానీ ఒక మాట మాత్రం మన ఇళ్ళలో మారాలి. "మాట వినకపోతే హాస్టల్లో పడేస్తా" అని బెదిరిస్తాం. చేర్పించి వచ్చేటప్పుడు "మీరు ఎంత కొట్టినా మేము అడగం సార్" అని చెప్పి వస్తాం. మొదటి మాట చదువును శిక్షగా మారుస్తుంది. రెండో మాట మన హక్కును మనమే రాసి ఇవ్వడం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మన తాతలకు అడిగే హక్కు లేదు. మనకు ఉంది. ఉన్న హక్కును వదులుకుంటే చరిత్ర నుంచి ఏం నేర్చుకున్నట్టు?

ఇంటి నుంచి విడదీయకుండా చదివించే దారి కూడా మన జిల్లాలోనే ఉంది. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊళ్ళలో, తండాల్లో పొద్దున, సాయంత్రం అదనపు బడులు నడిపింది. పిల్లలు ఇంట్లోనే తిని, ఇంట్లోనే పడుకుని, చదువులో వెనకబడకుండా నిలబడ్డారు. తండాలో ఒక దీపం, ఒక చాప, చదువు చెప్పే మనిషి ఉంటే సగం పని అయినట్టే.

మరి ఎంత కఠినంగా ఉండాలి?

"మొక్కై వంగనిది మానై వంగదు" అని సామెత. గంప అల్లేవాళ్ళకు దీని రెండో సగం కూడా తెలుసు. పచ్చి బద్ద వంగుతుంది. తడి ఆరిన బద్దను బలవంతంగా వంచితే విరుగుతుంది. కాబట్టి వంచే బలం కంటే తడి ఆరకుండా చూసుకోవడం ముఖ్యం. పెంపకంలో ఆ తడి అంటే నమ్మకం.

చరిత్ర నుంచి నాకు నాలుగు సంగతులు తోస్తున్నాయి.

మొదటిది, పనిలో కఠినంగా ఉండండి, మనిషి మీద కాదు. బుట్ట వంకర పోతే విప్పించి మళ్ళీ అల్లించండి. లెక్క తప్పితే మళ్ళీ చేయించండి. "నువ్వు పనికిరానివాడివి" అనకండి. పుట్టుకను చూసి పనికిరానివాళ్ళు అన్నది 1871 చట్టం. ఆ మాట మన నోట రాకూడదు.

రెండోది, నియమం ముందు చెప్పండి, కారణం చెప్పండి, అందరికీ ఒకటే ఉంచండి. మగపిల్లవాడికి ఒకటి, ఆడపిల్లకు ఒకటి వద్దు. ఆడపిల్ల ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలంటే మగపిల్లవాడూ ఉండాలి. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయకపోవడం ఒక్క చట్టం కోసమే కాదు. పెంపకం సగంలో ఆపేయకూడదు కాబట్టి కూడా.

మూడోది, తండ్రి పక్కన ఉండాలి. వలసలో ఉన్నా రోజూ ఒక ఫోను. అందులో మార్కులు అడిగేముందు అన్నం తిన్నావా అని అడగండి. బిడ్డ పుట్టిననాడే తండ్రిని పక్కన పడుకోబెట్టిన జాతి మనది. కొట్టడానికి మాత్రమే ముందుకు వచ్చే తండ్రి మన ఆచారం కాదు.

నాలుగోది, తప్పు తీరాక తప్పు తీరినట్టే. పాత పంచాయితీలో ఉన్న మంచి ఇదే. పోలీసు పుస్తకంలో ఒకసారి ఎక్కిన పేరు పోయేది కాదు. ఇంట్లో అలాంటి పుస్తకం పెట్టకండి. అయిదో తరగతిలో చేసిన తప్పును పదో తరగతిలో తవ్వకండి.

ఈ నాలుగూ పాటిస్తే పిల్లలు తప్పు చేయరని కాదు. చేసినప్పుడు ముందు మన దగ్గరికే వచ్చి చెబుతారు. పోలీసు దగ్గర మనిషి నిజం దాస్తాడు, తల్లి దగ్గర చెప్పుకుంటాడు. మన పిల్లలు మనలో ఏది చూస్తున్నారో అదే మన పెంపకానికి పరీక్ష.

ప్రతి ఆగస్టు 31న విముక్తి దినం జరుపుకునేటప్పుడు జెండా, ఉపన్యాసాలతో పాటు ఇంకొక పని పెట్టుకుందాం. ఇంట్లో డెబ్బై, ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఉంటే పిల్లలను వాళ్ళ ముందు కూర్చోబెట్టి, వాళ్ళు ఎట్లా పెరిగారో అడిగించండి. ఎవరు కొట్టారు, ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు ఏం నేర్పారు అని రాయించండి. చట్టం మన తల్లిదండ్రుల గురించి రాసింది పోలీసు స్టేషన్లలో, కచేరీల్లో దొరుకుతుంది. మన తల్లిదండ్రులు నిజంగా ఎలాంటివాళ్ళో మన పిల్లలే రాయాలి. ఆ రాతలు వచ్చే ఏటి సంచికలో అచ్చువేసుకుందాం.